మద్యం ముట్టని ఇంట కాలేయ వ్యాధి
పరీక్షల గురించి మన కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలోనూ చుట్టుపక్కల గ్రామాలలోనూ ఒక ముస్లిం కుటుంబ పెద్దకు కాలేయం దెబ్బతిన్నదని వైద్యుడు చెప్పగానే ఆ ఇంట్లో మొదట తలెత్తే ప్రశ్న చికిత్సకు సంబంధించినది కాదు. "మన ఇంట్లో ఎవరూ మద్యం ముట్టరు కదా, ఈయనకు ఈ జబ్బు ఎలా వచ్చింది?" అన్నదే ఆ ప్రశ్న. కొందరు పైకి అడుగుతారు, మరికొందరు మనసులో అనుకుంటారు. రోగికి ఆ చూపులు అర్థమవుతాయి. రిపోర్టు కాగితాన్ని మడిచి పెట్టెలో దాచుతాడు, రెండవసారి పరీక్షకు వెళ్లడు. నెలలు గడిచిపోతాయి. కాలేయ వ్యాధిలో ప్రాణాపాయం తెచ్చేది చాలావరకు ఈ ఆలస్యమే.

ఒకప్పుడు కాలేయం స్థితిని తెలుసుకోవాలంటే పొట్టలోకి సూది దింపి ముక్క తీయవలసి వచ్చేది. నేడు అత్యధికుల విషయంలో ఒక చెంచాడు రక్తం, నొప్పి లేని ఒక స్కానింగు సరిపోతున్నాయి. అయితే ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఏది దేనికి జవాబో తెలియకపోతే మంచి రిపోర్టు చూసి మోసపోతాము, లేదా చిన్న అంకె చూసి బెంబేలెత్తుతాము.

మద్యం ఒక్కటే కారణం కాదు

మద్యం కాలేయానికి శత్రువే, సందేహం లేదు. కానీ కాలేయానికి శత్రువులు ఇంకా ఉన్నారు. కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు సోకుతాయి. రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదులు, బ్లేళ్ల ద్వారా, తల్లి నుండి బిడ్డకు ప్రసవ సమయంలో హెపటైటిస్ బి సోకుతుంది. హెపటైటిస్ సి ముఖ్యంగా రక్తం ద్వారానే వస్తుంది. క్షయ వ్యాధికి వాడే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మందులు కొందరి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మోతాదు మించితే అదే విషమవుతుంది.

వీటన్నింటికీ తోడు నేడు ఇంటింటా విస్తరిస్తున్నది కొవ్వు కాలేయం. కాలేయంలో కొవ్వు 5 శాతం మించితే దానిని వ్యాధిగా పరిగణిస్తారు. షుగరు వ్యాధి, నడుము చుట్టూ పెరిగిన కొవ్వు, రక్తపోటు, కదలిక లేని జీవనం దీనికి మూలాలు. ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో పొద్దస్తమానం కూర్చునే నేతగాడికీ, ఆదోని బజారులో గల్లా పెట్టె ముందు నుండి లేవని వ్యాపారికీ, ఇంటి నాలుగు గోడలు దాటి నడిచే అవకాశం లేని గృహిణికీ ఇది రావచ్చు. వీరెవరూ జీవితంలో మద్యం వాసన చూసినవారు కాకపోవచ్చు.

ఈ వ్యాధిని వైద్యులు చాలాకాలం "మద్యేతర కొవ్వు కాలేయ వ్యాధి" అని పిలిచారు. పేరులోనే మద్యం మాట ఉండడం రోగులకు అవమానకరంగా మారుతున్నదని గుర్తించి, 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు ఆ పేరును తొలగించి, శరీరంలోని జీవక్రియ లోపాన్ని సూచించే కొత్త పేరు పెట్టాయి. వైద్యలోకమే వదిలివేసిన ఆ అవమానాన్ని మన ఇళ్లలో మోయవలసిన పని లేదు.

చెంచాడు రక్తం చెప్పే సంగతులు

కాలేయం మన కుడి పక్కటెముకల కింద ఉండే, దాదాపు ఒకటిన్నర కిలోల అవయవం. ఆహారం నుండి వచ్చిన పోషకాలను మార్చడం, విషాలను విరిచివేయడం, పైత్యరసం తయారుచేయడం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను అందించడం దాని పనులు. అది చాలా ఓర్పు గల అవయవం. సగం దెబ్బతిన్నా మిగిలిన సగంతో పని నెట్టుకొస్తుంది, నొప్పి చెప్పదు. కనుక నొప్పి లేదు కాబట్టి వ్యాధి లేదనుకోవడం ఇక్కడ చెల్లదు.

"లివర్ ఫంక్షన్ టెస్టు" అని ల్యాబు కాగితం మీద కనిపించేది ఒక పరీక్ష కాదు, కొన్ని పరీక్షల కట్ట. మోచేతి వద్ద నరం నుండి 3 నుండి 5 మిల్లీలీటర్ల రక్తం, అంటే ఒక చెంచాడు తీసుకుంటారు. అందులోని అంకెలను మూడు గుంపులుగా చూస్తే అర్థం చేసుకోవడం సులువు.

మొదటిది, దెబ్బను తెలిపేవి. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి కాలేయ కణాలలో ఉండే ఎంజైములు. కణాలు దెబ్బతింటే ఇవి రక్తంలోకి కారుతాయి. సామాన్యంగా లీటరుకు 40 యూనిట్ల వరకు మామూలుగా పరిగణిస్తారు. రక్తంలో వీటిని కొలిచే పద్ధతి 1955 నాటికే వెలువడింది. ఎస్‌జీపీటీ ప్రధానంగా కాలేయానిది. ఎస్‌జీఓటీ కండరాలలోనూ గుండెలోనూ కూడా ఉంటుంది. మార్కెట్ యార్డులో రోజంతా పత్తి మూటలు మోసిన హమాలీకి ఎస్‌జీఓటీ కొంత పెరిగి కనిపించవచ్చు. కనుక ముందురోజు చేసిన శ్రమ గురించి వైద్యునికి చెప్పాలి.

రెండవది, దారి మూసుకుపోయిందా అని తెలిపేవి. బిలిరుబిన్ అనేది పాత ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పసుపు పదార్థం. ఆరోగ్యవంతులలో డెసిలీటరుకు సుమారు 1.2 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. రెండున్నర, మూడు చేరితే కళ్లు పచ్చబడతాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగితే పైత్యనాళంలో రాయి వంటి అడ్డు ఉందేమో చూడాలి. అయితే ఇది ఎముకల నుండి కూడా వస్తుంది. ఎదిగే పిల్లలలో, గర్భిణులలో ఎక్కువగా ఉండడం సహజం.

మూడవది, కాలేయం పనితీరును నిజంగా తెలిపేవి. కట్ట పేరు పనితీరు పరీక్ష అయినా, అందులో ఆ పేరుకు తగినవి తక్కువే. ఒకటి ఆల్బుమిన్ అనే ప్రోటీను. మామూలుగా డెసిలీటరుకు 3.5 నుండి 5 గ్రాములు ఉంటుంది. ఇది రక్తంలో దాదాపు మూడు వారాలు నిలిచేది కాబట్టి, తగ్గిందంటే లోపం కొంతకాలంగా ఉందని అనుమానించాలి. రెండవది ప్రోత్రాంబిన్ టైమ్, అంటే రక్తం గడ్డకట్టే సమయం. దీనిని ఐఎన్‌ఆర్ అనే అంకెగా రాస్తారు. మామూలుగా 1కి దగ్గరగా ఉంటుంది. కాలేయం ఒక్కసారిగా విఫలమవుతున్నప్పుడు తొందరగా హెచ్చరించే అంకె ఇది. కానీ చాలా ల్యాబుల కట్టలో ఇది ఉండదు, వేరే గొట్టంలో రక్తం తీసి చేయాలి. కామెర్లు తీవ్రంగా ఉన్న రోగి బంధువులు "పీటీ, ఐఎన్‌ఆర్ చేయించాలా?" అని వైద్యుని తప్పక అడగాలి.

మామూలు అంకె, మామూలు కాని కాలేయం

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ దశకు చేరిన వారిలో కూడా ఎస్‌జీపీటీ మామూలుగా ఉండవచ్చు. కారేందుకు మిగిలిన కణాలే తగ్గిపోయినప్పుడు ఎంజైము ఎలా పెరుగుతుంది? అందుకే వైద్యులు కొన్ని అంకెలను కలిపి లెక్కిస్తారు. 2006లో వెలువడిన ఫిబ్-4 అనే లెక్క వాటిలో ప్రసిద్ధమైనది. దీనికి కొత్త సూది అవసరం లేదు. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే చాలు. వయసును ఎస్‌జీఓటీతో హెచ్చవేయాలి. ప్లేట్‌లెట్లను వేలలో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో హెచ్చవేయాలి. మొదటి దానిని రెండవ దానితో భాగించాలి.

ఉదాహరణకు 45 ఏళ్ల వ్యక్తికి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షల 50 వేలు అనుకుందాం. 45ను 40తో హెచ్చవేస్తే 1800. 250ని 64 వర్గమూలమైన 8తో హెచ్చవేస్తే 2000. ఫలితం 0.9. మరొకరికి 60 ఏళ్లు, ఎస్‌జీఓటీ 50, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1 లక్షా 25 వేలు. అప్పుడు 3000ను 750తో భాగించాలి. ఫలితం 4. ఈ లెక్కలో 1.3 కంటే తక్కువైతే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. 65 ఏళ్లు దాటిన వారికి కింది హద్దును 2గా తీసుకుంటారు. ఎస్‌జీపీటీ ఒక్కటే చూస్తే మొదటి వ్యక్తి భయపడతాడు, రెండవ వ్యక్తి "నాది మామూలే" అని ఇంటికి వెళతాడు. నిజానికి వెంటనే తదుపరి పరీక్షకు వెళ్లవలసినవాడు రెండవ వ్యక్తి. ఈ లెక్క తీర్పు కాదు, ఎవరిని ముందుకు పంపాలో చెప్పే జల్లెడ మాత్రమే. జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, కామెర్లు తీవ్రంగా ఉన్నప్పుడు చేస్తే తప్పుదారి పట్టిస్తుంది. వైద్యుని ఎదుట కూర్చుని అడగవలసిన ప్రశ్నగానే దీనిని గుర్తుంచుకోవాలి.

సూది లేని పరీక్షలు

అల్ట్రాసౌండ్ స్కానింగు కాలేయం పరిమాణాన్ని, పిత్తాశయంలో రాళ్లను, పొట్టలో నీటిని, గడ్డలను చూపుతుంది. కొవ్వు కొద్దిగా ఉంటే దీనికి అందకపోవచ్చు. పిత్తాశయం స్పష్టంగా కనిపించేందుకు ఆరు నుండి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి.

ఫైబ్రోస్కాన్ కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తుంది. ఫ్రాన్సులో రూపొందిన ఈ యంత్రం ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వాడుకలోకి వచ్చింది. రోగి వెల్లకిలా పడుకుని కుడిచేతిని తల వెనుకకు పెట్టుకుంటాడు. పక్కటెముకల మధ్య చర్మంపై ఒక పరికరాన్ని ఆనించి చిన్న తట్టు వంటి ప్రకంపనను పంపుతారు. మెత్తని కాలేయంలో ఆ అల నెమ్మదిగా, గట్టిపడిన కాలేయంలో వేగంగా పయనిస్తుంది. పది కొలతలు తీసుకుంటారు. మొత్తం పది నిమిషాల లోపే పూర్తవుతుంది. ఫలితం కిలోపాస్కల్ అనే ప్రమాణంలో వస్తుంది. 8 కంటే తక్కువైతే కొవ్వు కాలేయం ఉన్నవారిలో తీవ్రమైన గట్టిదనం ఉండే అవకాశం తక్కువని సామాన్యంగా భావిస్తారు. పరీక్షకు ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు, తింటే అంకె పెరిగి కనిపిస్తుంది. పొట్టలో నీరు చేరినవారికి ఇది సరిగా పనిచేయదు. గర్భిణులు, గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగానే చెప్పాలి. స్త్రీలు మహిళా సిబ్బందిని కోరవచ్చు. పక్కటెముకల వద్ద కొద్దిభాగం మాత్రమే తొలగిస్తే సరిపోతుంది. ఆ సంకోచంతో పరీక్ష మానుకోవలసిన అవసరం లేదు.

ఇవి గాక, పెద్ద నగరాల ఆసుపత్రులలో కాలేయపు శక్తిని నేరుగా కొలిచే పరీక్షలు ఉన్నాయి. ఒకదానిలో కార్బన్-13 చేర్చిన ఒక పదార్థాన్ని తాగించి, ఊదిన శ్వాసను పరీక్షిస్తారు. కాలేయం దానిని ఎంత త్వరగా విరిస్తే శ్వాసలో ఆ గుర్తు అంత త్వరగా బయటపడుతుంది. ఆ కార్బన్ రేడియోధార్మికత లేనిది. మరొక దానిలో ఆకుపచ్చని రంగును నరం ద్వారా ఎక్కించి, రక్తం నుండి దానిని కాలేయం ఎంత వేగంగా తొలగిస్తున్నదో వేలికి తగిలించిన పరికరంతో గమనిస్తారు. కాలేయంలో కొంత భాగం కోసి తీసే శస్త్రచికిత్సకు ముందు, మిగిలిన భాగం భారం మోయగలదా అని తెలుసుకునేందుకు ఇవి ఉపయోగపడతాయి. సామాన్య రోగికి ఇవి అవసరం పడవు. ఎవరైనా సూచిస్తే "దీని ఫలితాన్ని బట్టి నా చికిత్సలో ఏం మారుతుంది?" అని మర్యాదగా అడగడం రోగి హక్కు.

సూదితో ముక్క తీసే బయాప్సీ పూర్తిగా పోలేదు. కారణం తేలనప్పుడు, రెండు వ్యాధులు కలిసి ఉన్నాయని అనుమానం వచ్చినప్పుడు అది అవసరమే. కానీ అందులో రక్తస్రావ ప్రమాదం కొంత ఉంది. తీసే ముక్క కూడా మొత్తం కాలేయంలో యాభై వేల వంతు మాత్రమే. అందుకే సూది లేని పరీక్షలతో తేలిపోయే చోట దాని వరకు వెళ్లరు.

ఉపవాసం, పరీక్ష

రంజాన్ నెలలో పరీక్షను పండుగ తరువాతకు వాయిదా వేసేవారు ఎందరో. పరీక్ష కోసం రక్తం ఇవ్వడం వల్ల ఉపవాసం భంగం కాదని హనఫీ పండితుల అభిప్రాయం. నీరసం వచ్చి ఉపవాసం విరమించవలసి వచ్చేంత రక్తం తీయడమే అవాంఛనీయం. ఒక చెంచాడు అంతటిది కాదు. అల్ట్రాసౌండ్, ఫైబ్రోస్కాన్ శరీరంలోకి ఏమీ పంపవు. పైగా వీటికి ఖాళీ కడుపు కావాలి. ఉపవాసి ఆ నియమాన్ని ముందే పాటిస్తున్నాడు. శ్వాస పరీక్షలో తాగవలసి ఉంటుంది కనుక దానిని మరో రోజుకు పెట్టుకోవాలి. వ్యాధిగ్రస్తునికి ఉపవాసం నుండి మినహాయింపును, తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటును షరీఅతే ఇచ్చింది. వైద్యుడు వద్దన్నప్పుడు ఆ వెసులుబాటును స్వీకరించడం బలహీనత కాదు.

మరొక సంగతి. గిల్బర్ట్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే నిరపాయకరమైన లక్షణం ఉన్నవారికి ఆకలితో ఉన్నప్పుడు బిలిరుబిన్ కొద్దిగా పెరిగి కళ్లు లేత పసుపుగా కనిపించవచ్చు. మిగిలిన అంకెలన్నీ మామూలుగా ఉంటాయి. అది అదేనని నిర్ధారించవలసింది వైద్యుడే గాని, ఇంట్లోవారు కాదు.

పసరు, బ్లేడు, పళ్లెం

కామెర్లు రాగానే పసరు తాగించడం, చేతికి వాతలు పెట్టించడం మన ప్రాంతంలో పాత అలవాటు. పసరుతో తగ్గిందని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. హెపటైటిస్ ఎ సోకిన పిల్లలలో అత్యధికులు కొన్ని వారాలలో దానంతట అదే కోలుకుంటారు. ఆ వారాలలో ఎవరు ఏమి ఇచ్చినా పేరు దానికే వస్తుంది. కానీ అదే పచ్చదనం హెపటైటిస్ బి వల్లనో, పైత్యనాళంలో రాయి వల్లనో, మందుల విషం వల్లనో వచ్చినదైతే పసరుతో గడిచిన వారాలు తిరిగిరావు. కొన్ని ఆకుమందులే కాలేయాన్ని దెబ్బతీస్తాయి కూడా. ప్రతి వ్యాధికీ దైవం మందును సృష్టించాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. మందు వెతకాలంటే ముందు వ్యాధి ఏదో తేలాలి. రక్తపరీక్ష చేసే పని అదే.

హిజామా చేయించుకునేవారు, పిల్లలకు సున్నతి చేయించేవారు, క్షౌరశాలకు వెళ్లేవారు ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వాడుతున్నారో లేదో తమ కళ్లతో చూడాలి. హెపటైటిస్ బి కంటికి కనిపించని రక్తపు జాడ ద్వారా కూడా సోకుతుంది. అయితే ఒకే దస్తర్‌ఖాన్‌పై కూర్చుని ఒకే పళ్లెంలో తినడం వల్ల, సలాము చేసి చేయి కలపడం వల్ల, ముసాఫహా, ముఆనఖా వల్ల అది సోకదు. రోగికి వేరే పళ్లెం పెట్టి దూరం ఉంచడం వైద్యరీత్యా అనవసరం, మానవత్వ రీత్యా అన్యాయం.

లివర్ ఫంక్షన్ టెస్టు మామూలుగా ఉన్నంత మాత్రాన హెపటైటిస్ బి లేదని అర్థం కాదు. దానికి హెచ్‌బీఎస్ఏజీ అనే పరీక్ష వేరుగా చేయాలి. ప్రతి గర్భిణికీ అది అవసరం. తల్లికి వైరస్ ఉన్నా లేకున్నా బిడ్డకు పుట్టిన 24 గంటలలో టీకా వేయించాలి. మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి రీకాంబినెంట్ టీకా 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుండే వెలువడింది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి లకు పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం.

కాగితాలను కాపాడుకోండి

మన ప్రాంత రోగులు మొదట ఆదోని ఏరియా ఆసుపత్రికో, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రికో వెళతారు. తరువాత కొందరు కర్నూలు సర్వజన వైద్యశాలకు, కొందరు సరిహద్దు దాటి బళ్లారికి, రాయచూరుకు, స్తోమత గలవారు హైదరాబాదుకు వెళతారు. సుగ్గికి గుంటూరు వైపు వలస పోయే కుటుంబాలు అక్కడ మరో ల్యాబులో పరీక్ష చేయించుకుంటాయి. ఒక్కొక్క ల్యాబు మామూలు హద్దు ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఒకచోట 40, మరొకచోట 55. కనుక అంకెను ఒక్కదానినే కాక, పక్కనే ముద్రించిన హద్దును కూడా చూడాలి. పాత కాగితాలన్నీ తేదీల వారీగా ఒక సంచిలో పెట్టి వెంట తీసుకెళ్లాలి. ఒక్క రిపోర్టు కంటే ఆరు నెలల రిపోర్టుల వరుస వైద్యునికి ఎక్కువ చెబుతుంది. వాడుతున్న మందులన్నీ, పసరుతో సహా, దాచకుండా చెప్పాలి. క్షయ మందుల వల్ల కామెర్లు వచ్చాయని అనుమానిస్తే ఆ రోజే వైద్యుని కలవాలి. సొంతంగా మందులు మార్చుకోకూడదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే పరీక్ష కోసం మరుసటి రోజు వరకు ఆగకూడదు. కామెర్లతో పాటు మగత, మాట తడబాటు, రక్తపు వాంతి, నల్లని మలం, పొట్ట ఉబ్బడం, గర్భిణికి కామెర్లు, ఇవన్నీ నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్లవలసిన సూచనలు.

కొవ్వు కాలేయం అని తేలినవారికి శుభవార్త ఏమిటంటే, తొలిదశలో అది వెనుకకు మళ్లే వ్యాధి. బరువులో 7 నుండి 10 శాతం తగ్గితే, అంటే 80 కిలోల మనిషి నెమ్మదిగా 6 నుండి 8 కిలోలు తగ్గితే, కాలేయంలోని కొవ్వు, వాపు గణనీయంగా తగ్గుతాయి. మసీదుకు బండి మీద కాక నడిచి వెళ్లడం, తీపి పానీయాలు మానడం, షుగరును అదుపులో ఉంచడం ఇందుకు మంచి ఆరంభాలు.

ఇక మిగిలింది ఇంటివారి వంతు. అధిక అనుమానాలకు దూరంగా ఉండమని అల్ హుజురాత్ సూరా విశ్వాసులను ఆదేశిస్తుంది. కాలేయ వ్యాధి వచ్చిన తండ్రిని, అన్నను, భర్తను "నీవు రహస్యంగా తాగావా?" అని చూపుతో కూడా అడగకండి. తాగుడు నిజంగానే ఉన్నా, ఆ మాటను సిగ్గుతో దాచకుండా వైద్యుని వద్ద చెప్పగల ధైర్యం అతనికి కలగాలి. అప్పుడే చికిత్స సరైన దారిలో సాగుతుంది. ఈ వారమే మీ ఇంట్లో షుగరు ఉన్నవారు, 40 ఏళ్లు దాటి బరువు పెరిగినవారు, ఎప్పుడో కామెర్లు వచ్చి మళ్లీ చూపించుకోనివారు ఎవరెవరో లెక్క వేయండి. పెట్టె అడుగున మడతపెట్టి ఉన్న ఆ పాత రిపోర్టును బయటకు తీసి, వారి వెంట ఒకరు ఆసుపత్రికి వెళ్లండి.